ప్రయాణాల పెట్టె: పట్టాలు సముద్రం దగ్గర ఆగిపోయే స్టేషన్

పోయిన నెల ఈ పేజీలో జపాన్‌లోని తకమత్సు స్టేషన్ గురించి నాలుగు లైన్లు రాసానో లేదో ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు తెగ వచ్చి పడ్డాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క ముక్క: జపాన్‌లో నాలుగు పెద్ద దీవులున్నాయి, వాటిల్లో చిన్నది షికోకు, ఆ దీవి ఉత్తరపు ఒడ్డున కగావా అని ఒక ప్రాంతం, జపాన్‌లోని 47 ప్రాంతాల్లోకీ విస్తీర్ణంలో అదే చిన్నది, దాని ముఖ్యపట్నం ఈ తకమత్సు. మా తమ్ముడు ఆ దగ్గర్లో ఒక షిప్‌యార్డులో పనిచేస్తాడు, అందుకని నేను రెండుసార్లు వెళ్ళొచ్చాను, రెండోసారి అమ్మని కూడా తీసుకెళ్ళాను. కాబట్టి ఇక్కడ రాసేవి నేను తిరిగి చూసినవి, మా తమ్ముడిని అడిగి తెలుసుకున్నవి.

మేడమ్ గారూ, మా నాన్నగారు రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మన వైజాగ్ స్టేషన్‌కి విజయవాడ వైపు నుంచి వచ్చి భువనేశ్వర్ వెళ్ళే బండికి ఇంజన్ తీసి అటు చివర తగిలించాలి కదండీ, ఆ లేటు వల్లే చాలా బళ్ళు మన ఊళ్ళోకి రాకుండా దువ్వాడ మీంచి పోతున్నాయని ఆయన బాధ. జపాన్‌లో కూడా అలాంటి స్టేషన్ ఉందని మీరు రాస్తే ఆయన నమ్మలేదు. నిజమేనా? వాళ్ళెందుకు అలా కట్టుకున్నారు?
*గోపాలపట్నం నుంచి ఒక పాఠకుడు*

నిజమేనని నాన్నగారికి నా మాటగా చెప్పండి. ఇంకా చెప్పాలంటే మనదానికంటే గట్టిగా ఆగిపోతాయి అక్కడ పట్టాలు. మొత్తం 9 లైన్లు, తొమ్మిదీ స్టేషన్ బిల్డింగ్ వైపు వచ్చి బఫర్ దగ్గర ఆగిపోతాయి, ఆ బఫర్లు దాటితే టికెట్ గేట్లు, గేట్లు దాటితే రోడ్డు, రోడ్డు దాటి నాలుగడుగులేస్తే సముద్రం. ఏ బండి లోపలికొచ్చినా వచ్చిన దారినే వెనక్కి పోవాలి.

ఎందుకలా కట్టారంటే, ఆ పట్టాలకి తర్వాతి స్టేషన్ షిప్పు కాబట్టి. 1897లో అక్కడికి మొదట రైలొచ్చింది, 1910లో ఎదురు ఒడ్డున ఊనో అనే రేవు నుంచి తకమత్సుకి రైల్వేవాళ్ళే షిప్పులు మొదలుపెట్టారు. 18 కిలోమీటర్ల సముద్రం, దాదాపు గంట ప్రయాణం. టోక్యో, ఒసాకా వైపు నుంచి వచ్చే జనం ఊనోలో రైలు దిగి సామాన్లు పట్టుకుని షిప్పు దాకా ఒకటే పరుగు, ఇటు తకమత్సులో షిప్పు దిగి సీటు కోసం మళ్ళీ రైలు దాకా పరుగు. మన దగ్గర సంక్రాంతికి జనరల్ బోగీ ముందు ఎలా ఉంటుందో నాన్నగారికి తెలుసు కదా, అలాగన్నమాట. షిప్పుల్లోపల కూడా పట్టాలుండేవి, గూడ్స్ వ్యాగన్లని నేరుగా షిప్పు కడుపులోకి తోసేసి అటు ఒడ్డున లాగేసుకునేవాళ్ళు. ఒకప్పుడు ప్యాసింజర్ బోగీలని కూడా అలాగే దాటించారు.

ఇక్కడొక సంగతి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. 1955 మే 11 పొద్దున్న దట్టమైన పొగమంచులో షియున్ మారు అనే ఆ రైల్వే షిప్పు, తకమత్సు బయట ఇంకో రైల్వే షిప్పుని గుద్దుకుని కొద్ది నిమిషాల్లోనే మునిగిపోయింది. 168 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది స్కూలు ఎక్స్‌కర్షన్‌కి బయల్దేరిన పిల్లలు. మా తమ్ముడు ఈ విషయం చెప్పింది ఆ రేవు గట్టు మీద నిలబడి, నీళ్ళు ఎంత నిశ్చలంగా ఉన్నాయంటే నేను కాసేపు ఏం మాట్లాడలేకపోయాను. మనం కూడా సముద్రం పక్కన పిల్లల్ని పెంచుకునేవాళ్ళమే కదండీ. ఆ తర్వాత ప్యాసింజర్ బోగీల్ని షిప్పెక్కించడం మానేశారు, స్కూళ్ళలో పిల్లలకి ఈత నేర్పించడం మీద శ్రద్ధ పెరిగింది, అన్నిటికంటే ముఖ్యంగా మాకు వంతెన కావాలని జనం గట్టిగా అడగడం మొదలుపెట్టారు.

ఆ వంతెన 1978లో మొదలై 1988 ఏప్రిల్ 10న తెరుచుకుంది. సెతో మహా వంతెన అంటారు, నిజానికి ఒక్కటి కాదు, మధ్యలో ఉన్న చిన్నచిన్న దీవుల మీద కాలు పెట్టుకుంటూ వెళ్ళే ఆరు వంతెనలు, పైన కార్లు, కింద రైళ్ళు. అంతా సంబరమే గానీ తకమత్సుకి మాత్రం అది కొంచెం చేదు రోజు కూడా. ఎందుకంటే అప్పటిదాకా షికోకులో ఎక్కడికి వెళ్ళాలన్నా తకమత్సులో దిగి ఎక్కాల్సిందే, దీవి మొత్తానికీ గుమ్మం అదే. వంతెన వచ్చాక ఎదురు ఒడ్డున ఉన్న ఒకాయామా నుంచి బయల్దేరిన ఎక్స్‌ప్రెస్‌లు వంతెన దిగి ఉతాజు మీంచి అటు మత్సుయామా, కోచి ఊళ్ళకి నేరుగా వెళ్ళిపోవడం మొదలైంది, తకమత్సు పక్కన మిగిలిపోయింది. నాన్నగారు దువ్వాడ గురించి పడే బాధ అచ్చంగా ఇదే.

మరి వాళ్ళేం చేశారు? ఎక్కడికో వెళ్ళిపోయే బళ్ళ వెంట పడలేదు, దిగేవాళ్ళనీ ఎక్కేవాళ్ళనీ చూసుకున్నారు. పాత రేవు చోటంతా పూర్తిగా మార్చేసి 2001లో కొత్త బిల్డింగ్ కట్టారు, ముందు గోడంతా అద్దం, దాని మీద రెండు కళ్ళు, నవ్వే నోరు. ఒకాయామాకి పగలంతా గంటకి సుమారు రెండు చొప్పున మెరైన్ లైనర్ అనే ఫాస్ట్ రైళ్ళు వేశారు. అంటే పెద్ద బండి మన ఊళ్ళోకి రాకపోయినా ఆ పెద్ద బండి దగ్గరికి మనల్ని తీసుకెళ్ళే బండి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, టైమ్ టేబుల్ చూసుకునే పనే ఉండదు. దువ్వాడలో దిగి అర్ధరాత్రి ఆటో కోసం బేరమాడినవాళ్ళకి దీని విలువ నేను చెప్పక్కర్లేదు.

నమస్తే అండీ, మా అమ్మాయి, అల్లుడు తకమత్సులోనే ఉంటారు. వచ్చే నెల పురుడు, నేనే వెళ్ళాలి. నాకు 64 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయని డాక్టరు గారు చెప్పారు, మెట్లంటే భయం. ఎయిర్‌పోర్టు నుంచి ఒక్కదాన్నీ రైల్లో రాగలనా? అల్లుడికి సెలవు దొరకదట.
*సీతమ్మధార నుంచి ఒక అమ్మ*

అమ్మా, నిశ్చింతగా వెళ్ళండి, ముందుగా అమ్మాయికి సుఖప్రసవం కావాలని కోరుకుంటున్నాను.

మీరు సింగపూర్‌లో విమానం మారి ఒసాకా దగ్గరున్న కాన్సాయ్ ఎయిర్‌పోర్టులో దిగుతారనుకుంటా. అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి, ఎయిర్‌పోర్టు బయటే తకమత్సు బస్సు ఎక్కేయడం, మూడున్నర గంటలు అటూ ఇటూ, మధ్యలో మారక్కర్లేదు, తకమత్సు స్టేషన్ ముందే దింపుతాడు. రాత్రి దిగితే మాత్రం ఇంకేం ఆలోచించకండి, బస్సు వేళలు కనుక్కోమని అల్లుడు గారికి చెప్పి ఇదే చూసుకోండి. రెండోది రైలు: ఎయిర్‌పోర్టు నుంచి హరుకా అనే ఎక్స్‌ప్రెస్‌లో షిన్ ఒసాకా, అక్కడ బుల్లెట్ రైలెక్కి ముప్పావుగంటలో ఒకాయామా, అక్కడ మెరైన్ లైనర్ ఎక్కితే గంటలోపు తకమత్సు. రెండుసార్లు మారాలి గానీ మారే చోట్ల లిఫ్టులుంటాయి, అవి పనిచేస్తాయి కూడా. చక్రాల కుర్చీ కావాలంటే స్టేషన్ స్టాఫ్‌కి చెప్తే చాలు, బోగీకీ ప్లాట్‌ఫారానికీ మధ్య వేసే చిన్న పలక పట్టుకుని మనిషొస్తాడు, మీరు దిగే స్టేషన్‌కి ఫోన్ చేసి ఏ బోగీలో ఉన్నారో కూడా చెప్తాడు, దిగేసరికి అక్కడొక మనిషి పలకతో నిలబడి ఉంటాడు.

పెట్టెల సంగతి ముందే చూసుకోండి. బుల్లెట్ రైల్లో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 160 సెంటీమీటర్లు దాటితే, బోగీ వెనక ఖాళీ ఉండే సీటుని ముందే బుక్ చేసుకోవాలి, ఇది 2020 నుంచి వచ్చిన రూలు. పురిటికి వెళ్తూ మనవాళ్ళు మోసుకెళ్ళే పెట్టెలు దాదాపు అన్నీ ఆ లెక్క దాటేస్తాయి, నాకు తెలుసు. ఇంకో తేలికైన పని ఏంటంటే ఎయిర్‌పోర్టులోనే పార్సెల్ కౌంటర్‌లో పెద్ద పెట్టె ఇచ్చేయండి, ఒకట్రెండు రోజుల్లో ఇంటికే తెచ్చిస్తారు, మీరు చేతిసంచితో హాయిగా వెళ్ళొచ్చు. ఆ రోజుకి కావలసిన మందులు మాత్రం చేతిసంచిలోనే పెట్టుకోండి.

ఇప్పుడు మోకాళ్ళ మాట. మా అమ్మకీ ఇదే బాధ. మన వైపు ఒక స్టేషన్‌లో లిఫ్ట్ ముందు కుర్చీ అడ్డం పెట్టేసి ఉంటే, ఆవిడ ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్ల మీద మూడుచోట్ల కూర్చుని కూర్చుని ఎక్కింది, పైకెళ్ళేసరికి బండి కదిలిపోయింది, ఆ రోజు ఆవిడ మొహం నేను మర్చిపోలేను. అలాంటి మనిషి తకమత్సులో రైలు దిగి, ప్లాట్‌ఫారం వెంట నడిచి, గేటు దాటి, రోడ్డు మీదకొచ్చి వెనక్కి తిరిగి చూసి "ఒక్క మెట్టైనా లేదేంటే?" అంది. పట్టాలు ఆగిపోయే స్టేషన్‌కి ఉన్న గొప్ప సుఖం ఇదే అమ్మా. పట్టాల్ని దాటాల్సిన పనే లేదు, వాటి చివర నుంచి చుట్టూ తిరిగి వచ్చేస్తాం, తొమ్మిది లైన్లకీ ఒకే నేల.

కొన్ని మెట్లు పర్వాలేదనుకుంటే మెరైన్ లైనర్‌లో 1వ నంబరు బోగీకి టికెట్ తీసుకోమని అల్లుడు గారికి చెప్పండి, కొంచెం ఎక్కువవుతుంది గానీ అది డబుల్ డెక్కర్, రిజర్వుడు సీటు, పైగా తకమత్సులో అదే గేటుకి దగ్గర్లో ఆగుతుంది. పై అంతస్తుది ఫస్ట్ క్లాసు లాంటిది, మీరు మెట్లెక్కలేరు కాబట్టి కింది అంతస్తు అడుగుదామనుకుంటారు, కానీ దానికీ నాలుగు మెట్లు దిగాలి, కాబట్టి అసలు మెట్లే వద్దనుకుంటే మామూలు బోగీలో తలుపు పక్క సీటే నయం, రద్దీ టైమ్ కాకపోతే దొరుకుతుంది.

కోజిమా అనే స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు ముందు కేబిన్ వైపు చూడండి. అవతల ఒడ్డు రైల్వే డ్రైవరు దిగుతాడు, షికోకు రైల్వే డ్రైవరు ఎక్కుతాడు, ఇద్దరూ ఒకరికొకరు సెల్యూట్ చేసుకుంటారు. తర్వాత ఒక సొరంగం, చీకటి, అది దాటగానే ఒక్కసారిగా కింద సముద్రం. ఇనప దూలాల నీడలు కిటికీ మీద టకటకా పోతుంటాయి, వాటి సందుల్లోంచి కింద దీవుల మీద ఇళ్ళ పైకప్పులు, చేపల పడవలు వెనక గీసుకుంటూ వెళ్ళే తెల్ల చారలు కనిపిస్తాయి. మా అమ్మ కిటికీకి చెయ్యి ఆనించి "డాల్ఫిన్స్ నోస్ మీద నుంచి చూసినట్టుంది" అంది, దిగేదాకా ఇంకో మాట లేదు.

హాయ్ మేడమ్, ప్యూర్ వెజ్ ఫ్యామిలీ మాది. తకమత్సు స్టేషన్‌లో ఊదోన్ నూడుల్స్ తప్పకుండా తినాలి అని అందరూ అంటున్నారు. అది వెజ్జేనా?
*ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు*

నూడుల్స్ వెజ్జే, గోధుమపిండి, ఉప్పు, నీళ్ళు, అంతే. పులుసు మాత్రం కాదు. అక్కడి ఊదోన్ పులుసుకి ప్రాణం ఇరికో, అంటే ఎండబెట్టిన చిన్న చేపలు, మన ఎండు నెత్తళ్ళే అనుకోండి. ఫిషింగ్ హార్బర్ వైపు ఎండు చేపలు ఆరబోసిన చోట వచ్చే వాసనని బాగా పల్చన చేసి, తియ్యగా చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ గిన్నె మీంచి వచ్చే ఆవిరి. నేను నీచు తింటాను కాబట్టి నాకు ప్రాణం లేచొచ్చింది, మీకు కుదరదు.

మీరేం చెయ్యాలంటే కిజోయు ఊదోన్ అని అడగండి, ఉడికించిన నూడుల్స్ మీద సోయా సాస్ మాత్రమే వేసుకుని తినేది. కొన్ని షాపుల్లో ఆ సోయా సాస్‌లో కూడా చేపల రసం కలుపుతారు, కాబట్టి "చేప, మాంసం, చేపల రసం తినము" అని జపనీస్‌లో రాయించుకున్న కాగితం ఒకటి చూపించడం మంచిది, వాళ్ళు చాలా ఓపిగ్గా చదివి కుదురుతుందో లేదో చెప్తారు. కూరగాయల బజ్జీలు ఊరిస్తుంటాయి గానీ రొయ్యలు వేయించిన నూనెలోనే వేయిస్తారు, అది మీ ఇష్టం.

ఊదోన్ అంటే ఆ ఊరికి ఎంత అభిమానం అంటే స్టేషన్‌కి సానుకి తకమత్సు ఊదోన్ స్టేషన్ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు, సానుకి అంటే కగావా పాత పేరు. షిప్పుల రోజుల్లో డెక్ మీద ఊదోన్ అమ్మేవాళ్ళట. పై ఊళ్ళల్లో చదువుకుంటూ సెలవలకి ఇంటికొచ్చే పిల్లలు షిప్పెక్కగానే సామాన్లు పడేసి డెక్ మీదకి పరిగెత్తి, సముద్రపు గాలిలో నిలబడి ఆ వేడి గిన్నె తాగితే అప్పుడు ఇంటికొచ్చినట్టు ఉండేదని ఆ తరంవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. షిప్పులు ఆగిపోయాక ఆ షిప్పుల పేరుతోనే స్టేషన్‌లో ఒక చిన్న కొట్టు నడిచింది, 2021లో అదీ మూసేశారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అందులో తిన్నాను, రెండోసారి వెళ్ళేసరికి లేదు, చాలా బాధేసింది.

మేడమ్, తకమత్సుకి బుల్లెట్ ట్రైన్ ఉందా? నేను టెన్త్.
*గాజువాక నుంచి*

లేదమ్మా. నాలుగు పెద్ద దీవుల్లో బుల్లెట్ రైలు లేనిది ఇప్పుడు షికోకు ఒక్కటే, హొక్కాయిదోకి 2016లో వెళ్ళింది. వంతెన కట్టేటప్పుడే బుల్లెట్ రైలు పట్టాలకి కూడా చోటు వదిలి కట్టారు, ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. నీకు ఇంకో సంగతి చెప్తా, తకమత్సు నుంచి ఉజుషియో అనే ఎక్స్‌ప్రెస్ పక్కనున్న తోకుషిమాకి వెళ్తుంది, అది డీజిల్ బండి, ఎందుకంటే తోకుషిమా ప్రాంతం మొత్తంలో కరెంటుతో నడిచే రైలు ఒక్కటి కూడా లేదు, జపాన్‌లో అలాంటి ప్రాంతం అదొక్కటే. మన ఊరికొచ్చే రైళ్ళకి పైన కరెంటు తీగ ఉంటుంది కదా, కాబట్టి ఆ ఒక్క విషయంలో మనమే ముందున్నాం.

నేను మధురవాడలో సాఫ్ట్‌వేర్ జాబ్, ప్రాజెక్ట్ పని మీద టోక్యో వెళ్తున్నా, వీకెండ్‌లో తకమత్సు చూడాలని ఉంది. మన గోదావరి ఎక్స్‌ప్రెస్ లాగా రాత్రి పడుకుంటే పొద్దున్న దించే బండి ఏదైనా ఉందా?

ఉంది, అదృష్టవంతులు మీరు, జపాన్‌లో రోజూ నడిచే పడక రైలు ఇప్పుడు అదొక్కటే మిగిలింది. సన్‌రైజ్ సెతో. టోక్యోలో రాత్రి 9:50కి ఎక్కితే మర్నాడు పొద్దున్న 7:27కి తకమత్సు. తిరిగొచ్చేది తకమత్సులో రాత్రి 9:26కి బయల్దేరి టోక్యోకి 7:08కి చేరుతుంది, అంటే సోమవారం ఆఫీసుకి అందుకోవచ్చు. దూరం దాదాపు 800 కిలోమీటర్లు. మన గోదావరి సికింద్రాబాద్ దాకా సుమారు 700 కిలోమీటర్లకి పన్నెండు గంటలు దాటి తీసుకుంటుంది, లెక్క మీరే వేసుకోండి.

1998 నుంచి నడుస్తున్న బండి. టోక్యో నుంచి 14 బోగీలతో వస్తుంది, ఒకాయామాలో సగానికి విడిపోతుంది, ఏడు బోగీలు ఇజుమో వైపు వెళ్ళిపోతాయి, ఏడు తకమత్సుకి వస్తాయి. పొద్దున్నే ఆ విడదీయడం చూడ్డానికి జనం పక్కలు దిగి నైట్ డ్రెస్సుల్లోనే ప్లాట్‌ఫారం మీదకొచ్చి ఫోన్లు పట్టుకుని నిలబడతారు, మీరూ దిగండి గానీ మీ బోగీ ఏ సగంలో ఉందో ముందే చూసుకోండి.

లోపల ఎక్కువ భాగం ఒక్కొక్కళ్ళకి ఒక్కో చిన్న గది, తలుపేసుకుంటే మన లోకం మనదే. డబ్బులు తగ్గాలంటే నోబినోబి అనే సీటు ఉంది, సీటంటారు గానీ పరిచిన నేల, పైనా కిందా రెండు వరుసలు, పక్కవాళ్ళకీ మనకీ తల దగ్గర చిన్న అడ్డుగోడ. పడక చార్జీ ఉండదు, మామూలు టికెట్, ఎక్స్‌ప్రెస్ చార్జీ మాత్రమే. తలగడ ఇవ్వరు, ఒక కవర్, పల్చటి దుప్పటి లాంటిది ఇస్తారు, నేను స్వెట్టర్ మడిచి ఆ కవర్‌లో దూర్చి పడుకున్నా, బాగానే నిద్ర పట్టింది. స్నానం కూడా ఉంది, 330 యెన్‌లు పెట్టి కార్డు కొనాలి, ఆ కార్డుకి ఆరు నిమిషాల వేడి నీళ్ళు. గోడ మీద అంకెలు తగ్గుతూ కనిపిస్తుంటాయి, నీళ్ళు కట్టేస్తే అంకె కూడా ఆగుతుంది, కాబట్టి సబ్బు రాసుకునేటప్పుడు కంగారు పడక్కర్లేదు. కార్డులు మాత్రం కొన్నే, బండెక్కగానే పెట్టె పెట్టేసి అటే వెళ్ళండి.

తినడానికి లోపల ఏమీ దొరకదు, చాయ్ చాయ్ అని ఎవరూ రారు, డ్రింకుల మెషీన్ ఒక్కటే. స్టేషన్‌లోనే కొనుక్కుని ఎక్కాలి. తకమత్సులో స్టేషన్‌ని ఆనుకునే 2024లో ఓర్నే అనే కొత్త షాపింగ్ బిల్డింగ్ తెరిచారు, తిరుగు ప్రయాణంలో అక్కడ చూసుకోండి.

టికెట్ విషయం ముఖ్యం. సరిగ్గా నెల ముందు, జపాన్ టైమ్ పొద్దున్న 10 గంటలకి తెరుస్తారు, మనకి అప్పుడు 6:30. శని, ఆదివారాలవి నిమిషాల్లో అయిపోతాయి, మనవాళ్ళకి తత్కాల్‌తో అలవాటే కాబట్టి మీకు నేను కొత్తగా చెప్పేదేం లేదు.

మన కిరండోల్ రైలు మార్గం జపాన్ కోసమే వేశారని మా తాత అంటుంటారు. రైళ్ళ గురించి రాస్తున్నారు కాబట్టి అడుగుతున్నా, ఇది నిజమా?
*పెందుర్తి నుంచి*

తాతగారు చెప్పింది నిజం. బైలదిల్లా కొండల్లోని ఇనప ఖనిజం జపాన్‌కి పంపే ఒప్పందం మీదే 1960లలో కొత్తవలస నుంచి కిరండోల్ దాకా ఆ లైను వేశారు. మీరు అరకు వెళ్ళేటప్పుడు దాటే సొరంగాలు, 996 మీటర్ల ఎత్తున ఉండే శిమిలిగుడ స్టేషన్, అన్నీ మొదట ఆ ఎర్రమట్టి రాళ్ళ కోసం పుట్టినవే, మన ప్రయాణం తర్వాత. ఆ ఖనిజం మోసే పెద్ద షిప్పుల కోసమే మన పోర్టుకి ఔటర్ హార్బర్ వచ్చింది, 1976లో. మా తమ్ముడు పనిచేసే షిప్‌యార్డు గట్టున నిలబడ్డప్పుడు నాకు అదే అనిపించింది, ఈ ఇనుములో ఏ కాస్తయినా మన కొండల మీద నుంచి, మన సింహాచలం పక్క నుంచి దిగొచ్చిందే అయ్యుంటుంది అని. దీని గురించి విడిగా ఒక నెల రాస్తాను, తాతగారి దగ్గర పాత ఫోటోలుంటే పంపించండి.

ఏటండీ ఇది, జపాన్ అంతా ఒకే కార్డు అన్నారు, మా వాడు ముందే డబ్బేసుకునే ఇకోకా కార్డు గీకి తకమత్సులో ఎక్కి మత్సుయామాలో దిగితే గేటే లేదంట, స్టాఫ్ ఆపేసి డబ్బులు కట్టించుకున్నారంట. మోసమా?
*ఎన్ఏడీ నుంచి ఒక తండ్రి*

మోసం కాదండి, కంగారు పడకండి. తకమత్సు స్టేషన్‌లో ఇకోకా కార్డు 2014 నుంచి పనిచేస్తుంది, వంతెన దాటి ఒకాయామా దాకా కూడా హాయిగా గీకొచ్చు. కానీ షికోకు రైల్వేలో అది కగావాలోని కొన్ని స్టేషన్లకే పరిమితం, మత్సుయామా, కోచి, తోకుషిమాలకి వెళ్ళాలంటే కాగితం టికెట్ కొనాల్సిందే. కార్డు గీకి ఎక్కేస్తే దిగేచోట మొత్తం చార్జీ డబ్బుగా కట్టించుకుని, కార్డులో పడ్డ ఎంట్రీ తీయించుకోడానికి ఒక చీటీ ఇస్తారు. ఆ చీటీ పట్టుకెళ్ళి తకమత్సులో చూపిస్తే సరిచేస్తారు, అప్పటిదాకా ఆ కార్డు వేరే గేట్లలో పనిచేయదు. ఇషిజుచి ఎక్స్‌ప్రెస్‌లో మత్సుయామా రెండున్నర గంటల దూరం, కాబట్టి మీ అబ్బాయికి పడింది పెద్ద దెబ్బే, నిజమే. బయటివాళ్ళకి ఈ తేడా ఎక్కేముందే తెలిసేలా గేటు దగ్గర ఇంకా పెద్ద బోర్డు పెట్టాలని నా అభిప్రాయం.

ఇంకో మాట, స్టేషన్ నుంచి ఐదు నిమిషాలు నడిస్తే కోతోదెన్ అనే వేరే చిన్న కంపెనీ రైళ్ళ స్టేషన్ ఉంది, పాత కోట గోడని ఆనుకుని. దాని ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఒక చేతి పక్కన కోట రాళ్ళు, ఆ పక్కన కందకం. ఆ కందకంలోవి సముద్రపు నీళ్ళే, అందులో సముద్రపు చేపలే తిరుగుతుంటాయి. మీ అబ్బాయి ఇంకా అక్కడే ఉంటే ఒక సాయంత్రం వెళ్ళమనండి.

రైల్లో ఏదైనా మర్చిపోతే అక్కడ దొరుకుతుందా? మా ఆవిడకి మతిమరుపు, అందుకే అడుగుతున్నా.
*అక్కయ్యపాలెం నుంచి*

మా అమ్మ మెరైన్ లైనర్‌లో కళ్ళజోడు మర్చిపోయింది. గేటు దాటి బయట బెంచీ మీద కూర్చున్నాక గానీ చూసుకోలేదు, అప్పటికి ఆ బండి మళ్ళీ ఒకాయామాకి వెళ్ళిపోయింది. కౌంటర్‌లో అడిగితే ఒక చిన్న ఫారం ఇచ్చారు: ఏ బండి, ఎన్నింటిది, ఏ బోగీ, ఏ వైపు కిటికీ, కళ్ళజోడు ఫ్రేము రంగేంటి. మా తమ్ముడు జపనీస్‌లో నింపాడు. మీరు వెళ్తే టికెట్‌నీ, బోగీ నంబరునీ ఎక్కగానే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ఈ ఫారంలో సగం దాంతోనే నిండిపోతుంది. అడగడం కూడా ఆ రోజే అడగాలి, కొన్నాళ్ళయితే దొరికిన వస్తువుల్ని పోలీసులకి అప్పగించేస్తారు, అప్పుడు వెతకడం కష్టం.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. వెళ్తే కౌంటర్ అవతలి అమ్మాయి చిన్న ప్లాస్టిక్ కవర్ తెచ్చింది, దానికి దారంతో కట్టిన చీటీ, చీటీ మీద తేదీ, బండి టైము, బోగీ నంబరు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. అమ్మ జోడు పెట్టుకుని ముందు ఆ చీటీనే చదవబోయింది. భాష రాకపోయినా అంకెలు చదివి, "మనం కూర్చున్న బోగీయే రాసారు" అని నాకు చూపించింది.